కాంకార్డు మరల ఎగురునా?

అనకాపల్లి పరిసరముల పాఠశాలల నుండి విశాఖపట్నమునకు విహారయాత్ర పోవు బాలబాలికలు సముద్రతీరపు రహదారిపై రెండు చోట్ల తప్పక ఆగుదురు. ఒకటి ఇసుకపై నిలిపిన కుర్సుర జలాంతర్గామి. రెండవది రహదారికి ఆవలి ప్రక్కన నిలిచిన టి.యు. 142 విమానము. జలాంతర్గామిని చూచినప్పుడు కలుగని సందేహ మొకటి విమానమును చూచినప్పుడు కలుగును. ఇంత పెద్ద రెక్కలు, నాలుగు ఇంజనులు, ఒక్కొక్క ఇంజనునకు ఒకదాని వెనుక నొకటిగా రెండేసి పంకాలు. చూపునకు ఏదియు విరిగినట్లు లేదు. మరి ఇది మరల ఎగురదా? పిల్లలు ఇట్లు అడుగుట సహజము. పెద్దలు నవ్వి, “దానికి ముసలితనము వచ్చినది” అని చెప్పి ముందుకు నడిపించుట కూడ సహజమే. కాని ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. దానినే ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములలో చదువుకొన్నవారు, ధనవంతులు, ఒకప్పుడు విమానములు నడిపినవారు ఇరువది యేండ్లకు పైగా అడుగుచునే యున్నారు. వారు అడుగునది కాంకార్డు అను మరియొక విమానమును గూర్చి.

విశాఖ తీరమున నిలిచిన విమానము 1988 నుండి భారత నౌకాదళమునకు సేవ చేసిన విమానములలో నొకటి. సముద్రముపై గస్తీ తిరుగుచు, నీటి క్రింద దాగిన జలాంతర్గాములను పసికట్టుట దాని పని. ఈ తరగతి విమానములు ఇరువదితొమ్మిది సంవత్సరములలో 30,000 గంటలు ప్రమాదమన్నది లేకుండ ఎగిరినవి. 2017 మార్చి 29వ తేదీన తమిళనాడులోని అరక్కోణమునందు వీనికి నౌకాదళము వీడ్కోలు చెప్పినది. పిమ్మట ఒకటి విశాఖపట్నమునకు తన రెక్కలతోనే ఎగిరి వచ్చినది. అక్కడ దానిని భాగములుగా విప్పి, రహదారి మీదుగా తీరమునకు చేర్చి, మరల కూర్చిరి. ఆ యేడు డిసెంబరు 7వ తేదీన రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ ప్రదర్శనశాలను ప్రారంభించిరి. విప్పి మరల కూర్చిన విమానము చూచుటకు పూర్వపు విమానమే. ఎగురుటకు మాత్రము అది కాదు. ఈ రెండింటికిని నడుమ గల భేదమే కాంకార్డు కథయంతయు.

టి.యు. 142ను రూపొందించినది రష్యాలోని టుపోలెవ్ సంస్థ. ఆ సంస్థయే టి.యు. 144 అను మరియొక విమానమును నిర్మించెను. ధ్వని కంటె వేగముగ ప్రయాణికులను మోయుటకై నిర్మించిన విమానములలో లోకమున మొట్టమొదట గాలిలోనికి లేచినది అదియే. 1968 డిసెంబరు 31న ఎగిరెను. రెండు నెలలు గడచిన పిమ్మట, 1969 మార్చి 2న, ఫ్రాన్సులోని టులూజ్ నగరమునుండి కాంకార్డు ఎగిరినది. దానిని ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములు కలిసి నిర్మించినవి. ప్రయాణికులను ధ్వనివేగమునకు మించిన వేగముతో మోసిన విమానములు ఈ రెండు తప్ప లోకమున వేరొకటి లేదు. అందులో టి.యు. 144 ప్రయాణికులతో చేసిన ప్రయాణములు 55 మాత్రమే. 1977లో ప్రారంభమైన ఆ సేవ మరుసటి యేడే ఆగిపోయినది. కాంకార్డు మాత్రము 1976 జనవరి 21 మొదలు 2003 అక్టోబరు 24 వరకు ప్రజలను మోసినది.

దాని వేగమెంతటిదో అంకెలలో చెప్పిన పిల్లలకు అందదు. గంటకు 2,150 కిలోమీటర్లు. అనగా అనకాపల్లినుండి విశాఖపట్నమునకు నిమిషము లోపల. హైదరాబాదునకు పావుగంట లోపల. కాంకార్డు అంత తక్కువ దూరములకు పోయెడిది కాదు. లండను నుండి అట్లాంటిక్ సముద్రము దాటి న్యూయార్కునకు మూడున్నర గంటలలో చేరుచుండెను. 1996 ఫిబ్రవరి 7న న్యూయార్కు నుండి లండనుకు మూడు గంటల కంటె తక్కువ కాలములోనే వచ్చెను. లండనులో ఉదయము బయలుదేరినవారు న్యూయార్కులో దిగి అక్కడి గడియారము చూచినచో, తాము బయలుదేరిన వేళ కంటె ముందే చేరినట్లు కనబడెడిది. సూర్యాస్తమయమైన పిమ్మట బయలుదేరినవారు పడమటి దిక్కున సూర్యుడు మరల పైకి లేచుట చూచుచుండిరి. 1973 జూన్ 30న సంపూర్ణ సూర్యగ్రహణము నాడు శాస్త్రజ్ఞులు మొదటి కాంకార్డునెక్కి, ఆఫ్రికాపై చంద్రుని నీడ వెంట పరుగిడి, 74 నిమిషములు ఆ చీకటిలోనే నిలువగలిగిరి. నేలమీద నున్నవారికి అది సుమారు ఏడు నిమిషములు మాత్రమే.

ఇట్టి విమానము తిరిగి రావలెనని మనుష్యులు కోరుటలో వింత లేదు.

ఐనను ఆ వేగము ఊరక వచ్చినది కాదు. పదునెనిమిది కిలోమీటర్ల ఎత్తున, గడ్డకట్టించు చలిలో ఎగురుచున్నను, గాలి ఒత్తిడికి విమానపు ముక్కు 127 డిగ్రీల వరకు వేడెక్కుచుండెను. ఆ వేడికి అరువదిరెండు మీటర్ల విమానము జానెడు వరకు పొడుగు సాగి, దిగిన పిమ్మట మరల కుదించుకొనెడిది. వేగము పెరిగిన కొలది రెక్కలపై గాలి మోయు చోటు వెనుకకు జరుగును. కావున విమానపు బరువును కూడ వెనుకకు జరుపవలెను. అందులకై ఒక ట్యాంకు నుండి మరియొక ట్యాంకునకు ఇంధనమును తోడుచుండిరి. దిగునప్పుడు చోదకులకు నేల కనబడుటకై ముక్కును క్రిందికి వంచుచుండిరి. ఇన్ని పనులు చూచుకొనుటకు ఇద్దరు చోదకులు చాలక, మూడవ మనిషిగా ఒక ఇంజనీరు విమానములోనే కూర్చుండి మీటలు త్రిప్పుచుండెను. కాంకార్డు ఒక యంత్రము అనుట కంటె, పరస్పరము కనిపెట్టుకొని యుండు వేల యంత్రముల కూటమి అనుట సరి.

మొత్తము ఇరువది కాంకార్డులు తయారైనవి. అందు పదునాలుగు మాత్రమే ప్రయాణికులను మోసినవి. ఏడు ఇంగ్లండువి, ఏడు ఫ్రాన్సువి. 2000 జూలై 25న పారిస్ నుండి లేచిన ఒక కాంకార్డు ఘోర ప్రమాదమునకు గురియైనది. రన్‌వేపై అంతకు ముందు మరియొక విమానము నుండి ఊడిపడిన లోహపు పట్టీ ఒకటి దాని చక్రపు టైరును చీల్చెను. టైరు తునక ఎగిరి రెక్క అడుగున తగులగా ఇంధనపు ట్యాంకు పగిలి, మంట లేచినది. విమానము గొనెస్ అను ఊరివద్ద ఒక హోటలుపై కూలెను. విమానములోని 109 మందియు, హోటలులోని నలుగురును మరణించిరి.

ఇక్కడ గమనింపదగిన సంగతి కలదు. అప్పుడు కాంకార్డులన్నియు నేలకు దిగినవి. కాని నిపుణులు ట్యాంకుల లోపల గట్టి నారతో నేసిన పొరలు అమర్చి, చీలిపోని క్రొత్త టైరులు చేయించి, 2001 నవంబరు 7న వానిని మరల ప్రయాణికులతో ఎగురవేసిరి. ఆగిపోయిన కాంకార్డు తిరిగి ఎగురుట ఒకమారు నిజముగా జరిగినది. ఆనాడు సాధ్యమైనది ఈనాడేల సాధ్యము కాదని అభిమానులు అడుగుదురు. ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పకుండ ముందుకు పోవుట న్యాయము కాదు.

వారి పక్షమున మరికొన్ని సాక్ష్యములును కలవు. మన దేశమునందే ఫెయిరీ క్వీన్ అను ఆవిరి యింజను 1855లో తయారై, 1909లో పనినుండి విరమించి, ఎనుబదియెనిమిది సంవత్సరముల పిమ్మట 1997లో పట్టాలపై మరల రైలును లాగినది. ఇంగ్లండులో వల్కన్ అను పాత బాంబరు విమానము 1993లో నేలకు దిగినది. ప్రజలు చందాలు పోగుచేసి దానిని బాగుచేయించి 2007 అక్టోబరు 18న మరల ఎగిరింపగా, ఎనిమిది వేసవులు అది ఆకాశమున తిరిగెను. అన్నింటికంటె బలమైన సాక్ష్యము రష్యానుండి వచ్చినది. విరమించిన టి.యు. 144 ఒకటి, వంద గంటలైన ఎగిరియుండనిది, అమెరికా అంతరిక్ష పరిశోధన సంస్థ ధనముతో క్రొత్త ఇంజనులు తొడిగించుకొని, 1996 నవంబరు 29న మరల గాలిలోనికి లేచినది. 1999 వరకు ఇరువదియేడు మారులు ఎగిరి, శాస్త్రజ్ఞులకు వలసిన కొలతలు ఇచ్చినది. అనగా, విరమించిన ధ్వన్యతీత ప్రయాణిక విమానము మరల ఎగురగలదా అన్న ప్రశ్నకు చరిత్రలో “ఎగిరినది” అనియే ఉత్తరము కలదు.

ఇంత సాక్ష్యమున్నను కాంకార్డు విషయమున ఆశ పెట్టుకొనుట తగదు. ఎందువలననో చూడవలెను.

రైలింజను మాట ముందు తీసివేయవచ్చును. దారిలో ఇంజను ఆగినచో పట్టాలపైననే నిలుచును; ప్రయాణికులు దిగి చెట్టునీడను కూర్చుందురు. ఆకాశమున ఆగుటకు చోటు లేదు. టి.యు. 144 మరల ఎగిరినప్పుడు దానిని కట్టిన సంస్థ బ్రతికియే యున్నది. దానిని కట్టినవారిలో అనేకులు ఆ కొట్టములోనే పనిచేయుచుండిరి. ఇంజనులు మరియొక యుద్ధవిమానమునకై రూపొందినవి. పైగా అందు ప్రయాణికుడొక్కడు కూడ ఎక్కలేదు. 2001లో కాంకార్డు మరల ఎగిరినప్పుడును అంతే. విమానము ఏడాదికి మించి నేలపై నున్నను, దాని బలగము చెదరలేదు. చోదకుల లైసెన్సులు చెల్లుచునే యుండెను. పని నేర్చిన చేతులు పనిలోనే యుండెను. 2003లో చెదరినది ఆ బలగము.

అనకాపల్లి ప్రాంతపు పిల్లలకు ఈ సంగతి బెల్లపు వంటతో పోల్చి చెప్పిన తేలికగా బోధపడును. ఇక్కడి బెల్లపు బజారు దేశమంతట పేరు పొందినది. గానుగ ఉన్నది, పెనము ఉన్నది, పొయ్యిలో వేయుటకు చెరకు పిప్పి ఉన్నది, రసమును ఉన్నది. ఇవన్నియు ఉన్నంత మాత్రమున దిమ్మ తయారు కాదు. పాకము ఏ క్షణమున దింపవలెనో తెలిసిన మనిషి పెనము ప్రక్కన నిలువవలెను. అతడు చుక్కను నీటిలో వేసి, వ్రేళ్ళతో ఉండ చేసి, “దింపుడు” అనును. ఒక్క నిమిషము ఆలస్యమైన మాడును. తొందరపడిన దిమ్మ కట్టదు. ఆ నేర్పును అతడు పుస్తకములో చదువలేదు. మరియొకని ప్రక్కన నిలిచి చూచి నేర్చెను. అతడు పనిమాని ఇరువది యేండ్లు గడచి, ఎవ్వరికిని నేర్పక పోయినచో, పెనమును తోమి మెరపించినంత మాత్రమున బెల్లము రాదు.

కాంకార్డునకు ఇట్టి పాకము తెలిసినవారు వందల మంది యుండిరి. ఏ ఇంజను ఏ చప్పుడు చేసిన ఎక్కడ చూడవలెనో, ఏ గొట్టము ఎన్ని ప్రయాణములకు మార్చవలెనో, సాగి కుదించుకొను లోహమున ఏ అతుకు ముందుగా సడలునో వారికి తెలియును. అందు పెక్కురు ఇప్పుడు వృద్ధులు, కొందరు లేరు. చోదకుడు కావలెనన్న ఆ విమానమునకే ప్రత్యేకముగా లైసెన్సు పొందవలెను. ఆ లైసెన్సు ఇచ్చుటకు పరీక్షించువాడు కూడ అదే లైసెన్సు కలవాడై యుండవలెను. ఇప్పుడు అట్టివాడు ఒక్కడును లేడు. దీపము వెలిగించుటకు దీపము కావలెను. అన్ని దీపములును ఆరిన యింట మొదటిది వెలిగించువాడెవ్వడు?

ఇంకొక చిక్కు కలదు. ఏ విమానమైనను చోదకుని ధైర్యముతో ఎగురదు. ఎగురుటకు తగినదని ప్రభుత్వము ఇచ్చు యోగ్యతాపత్రముతో ఎగురును. ఆ పత్రము నిలుచుటకు విమానమును రూపొందించిన సంస్థ వెనుక నిలిచి, “ఈ మరమ్మతు సరి, ఈ భాగము సరి” అని పూచీ పడవలెను. కాంకార్డు విషయమున ఆ పూచీ ఎయిర్‌బస్ సంస్థది. 2000 నాటి ప్రమాదము, మరుసటి సంవత్సరము అమెరికాలో జరిగిన ఉగ్రవాద దాడులు, వాని వలన విమానయానమునకు వచ్చిన మాంద్యము, ఇవన్నియు కలిసి ప్రయాణికుల సంఖ్యను తగ్గించినవి. కొద్ది విమానముల కొరకు భాగములు తయారుచేయుట నానాటికి భారమైనది. పూచీ వదలుకొనుటకు సంస్థ నిశ్చయించెను. 2003 ఏప్రిల్ 10న విరమణ వార్త వెలువడినది. చివరి కాంకార్డు ఆ నవంబరు 26న తాను పుట్టిన ఫిల్టన్ అను చోటికి ఎగిరివచ్చి అక్కడనే నిలిచిపోయెను.

అభిమానులు కొందరు ఆ సంస్థను నిందింతురు. ఆ నింద సగమే న్యాయము. ఏ సంస్థయైనను లాభము లేనిచో విరమించుకొనును. కాని మనుష్యుల ప్రాణములకు పూచీ పడలేనప్పుడు “పడలేను” అని చెప్పుట తప్పు కాదు, అది నిజాయితీ. వల్కన్ బాంబరు కథ ఇట్లే ముగిసినది. 2015 అక్టోబరు తరువాత అది ఎగురలేదు. ధనము లేక కాదు. దానికి సాంకేతికముగా పూచీ పడిన సంస్థలలో, ఆ పాత విమానము ఎరిగినవారు తరిగిపోవుచుండుటచే ఆ పూచీని అవి విరమించుకొనెను. కాంకార్డు ఇంజను ఆ వల్కన్ ఇంజను వంశములో పుట్టినదే.

అదే 2015లో ఇంగ్లండులోని ఒక అభిమాన సంఘము గొప్ప ప్రకటన చేసినది. కాంకార్డు మొదటిమారు ఎగిరిన యాబదియేండ్ల పండుగ నాటికి, అనగా 2019 నాటికి, ఒక విమానమును తాము మరల ఎగిరింతుమని వారు చెప్పిరి. పన్నెండు కోట్ల పౌనులు సమకూరగలవనియు చెప్పిరి. 2019 వచ్చినది, పోయినది. విమానము కదలలేదు. ఆ ప్రకటన చేసినవారిని పరిహసించుట సులభము. వారు కోరినది తమ కొరకు మేడ కాదు, నగలు కాదు. ఒక అందమైన వస్తువు పిల్లలు చూడవలెనని కోరిరి. ఐనను వారు విమానమును కొనవచ్చునని తలచిరే గాని, కొనుటకు వీలుకానిది ఏదో తలచినట్లు కనబడదు.

ఇక లోహము మాట. తరచుగ వాడెడి కత్తి కంటె చూరున చెక్కిన కత్తికి తుప్పు త్వరగా పట్టునని ఇంటింటను తెలియును. కాంకార్డు ఎగిరినంత కాలము ప్రతి ప్రయాణమునను తన ఒంటి వేడితో లోపలి తేమను తానే ఆర్చుకొనుచుండెను. నేలపై నిలిచిన పిమ్మట ఆ వేడి లేదు. గొట్టములలో పీడనముతో పారవలసిన ద్రవమును తోడివేసిన పిమ్మట రబ్బరు భాగములు ఎండి బీటలు వారును. స్కాట్లండు ప్రదర్శనశాలకు పంపిన విమానమును పడవపై చేర్చుటకు రెక్కలు కోసి, అక్కడ మరల అతికించిరి. ఉప్పుగాలి తగులు విశాఖ తీరమున విమానమును కాపాడుట ఎంత కష్టమో అక్కడి వారికి తెలియును. వర్షములు, మంచు పడు దేశములలోను ఆరుబయట నిలిచిన కాంకార్డులకు అట్టి కష్టమే.

ఇంతవరకు చెప్పినవన్నియు అడ్డంకులు. అడ్డంకులను దాటవచ్చును. ఒక మహారాజ్యము తన ధనాగారమును తెరచి, పది సంవత్సరములు వేచి, ప్రతి భాగమును క్రొత్తగ చేయించి, ప్రయాణికులు లేకుండ, సముద్రముపై ఒక్కమారు కాంకార్డును ఎగిరింపవలెనన్నచో అది ప్రకృతి ధర్మమునకు విరుద్ధము కాదు. కాని ప్రయాణికులతో, టికెట్టు అమ్మి, వారమునకు కొన్ని మారులు ఎగిరించుట వేరు మాట. అందు అడ్డంకుల కంటె పెద్ద ప్రశ్న ఒకటి కలదు. కాంకార్డును ప్రేమించువారు సాధారణముగా విమానము లోపల కూర్చుండియే ఆలోచింతురు. క్రింద నిలిచి ఆలోచించువారు తక్కువ.

శారదా నదిలో రాయి వేసినచో అలలు గుండ్రముగ విస్తరించును. ధ్వనియు గాలిలో అట్లే విస్తరించును. కాని అలలకంటె వేగముగ పోవు వస్తువు ఒకటి ఉన్నదనుకొందము. దాని అలలు ముందుకు పోలేక ఒకదానిపై నొకటి పడి, ఒక్క గోడవలె పేరుకొని, దాని వెనుక ఈడ్వబడును. ధ్వనిని మించిన విమానము వెనుక నట్టి గోడ నేలవరకు వ్యాపించి, పిడుగువలె మ్రోగును. ఇది ఒక్క చోట ఒక్కమారు మ్రోగునది కాదు. విమానము పోవు దారిపొడవునను, రెండు ప్రక్కల అనేక కిలోమీటర్ల వరకు, ఊరి తరువాత ఊరిలో మ్రోగుచునే పోవును. కిటికీ అద్దములు అదరును, పసిపాపలు ఉలికిపడుదురు, పశువులు బెదరును. విమానములోని నూరుగురికి మాత్రము అది వినబడదు.

ఈ కారణముననే అమెరికా 1973లో తన భూభాగముపై ప్రయాణిక విమానములు ధ్వనిని మించి పోరాదని నిషేధించెను. మన దేశమునకు ఇది దూరపు ముచ్చట కాదు. 1977లో లండను నుండి బహ్రయిన్ మీదుగా సింగపూరునకు కాంకార్డును నడుపుట ప్రారంభించిరి. మూడు రాకపోకలు జరుగగానే మలేసియా అభ్యంతరము చెప్పుటచే ఆ సేవ ఆగినది; 1979లో మరల మొదలైనది. భారతదేశము తన ఆకాశమున ధ్వనిని మించిన వేగమునకు అనుమతి ఇయ్యలేదు. నెమ్మదిగ పోయినచో కాంకార్డునకు ఇంధనము వృథా, వేగమే లేనిచో ఆ విమానము ఎక్కుట ఎందులకు? 1980లో ఆ మార్గము మూతపడెను. ఆనాడు భారతదేశము విజ్ఞానమునకు అడ్డుపడినదని ఎవరైన అనవచ్చును. అట్లనుట సరికాదు. ఆ విమానపు టికెట్టు ఎన్నడును కొనజాలని కోట్లమంది నిద్రకు విలువ కట్టుట కూడ విజ్ఞానములో భాగమే.

ఇంధనపు లెక్కయు ఇట్టిదే. కాంకార్డు ట్యాంకులలో దాదాపు 95 టన్నుల ఇంధనము పట్టెడిది. అట్లాంటిక్ సముద్రమును ఒకమారు దాటుటకు అందు అధికభాగము ఖర్చగుచుండెను. మోసినది నూరుగురిని. అనగా ఒక్కొక్క మనిషి నాలుగు గంటలు కలసివచ్చుటకై ముక్కాలు టన్నునకు పైగా ఇంధనము కాలినది. ఎండలు ఏటికేడు ముదురుచు, తుపానులు ఈ కోస్తాను కొట్టుచున్న ఈ దినములలో ఆ నాలుగు గంటలు ఎవరివి, వాని వెల చెల్లించునది ఎవరు అని అడుగక తప్పదు. గొనెస్ హోటలులోని నలుగురు కాంకార్డు టికెట్టు కొనలేదు.

ధ్వనిని మించిన ప్రయాణము ఇక ఎన్నడును వలదనుట మాత్రము సరికాదు. 2025 జనవరి 28న అమెరికాలోని ఒక సంస్థ నిర్మించిన చిన్న విమానము, ఒకే ఒక చోదకునితో, కాలిఫోర్నియా ఎడారిపై ధ్వనివేగమును దాటినది. ఆ జూన్ నెలలో అమెరికా అధ్యక్షుడు 1973 నాటి నిషేధమును తొలగింపవలెనని ఆదేశించెను. పిడుగువంటి మ్రోతను మెల్లని చప్పుడుగ తగ్గించు రూపములకై శాస్త్రజ్ఞులు శ్రమించుచున్నారు. ఆ శ్రమ ఫలించిన నాడు, క్రింది ఊళ్ళవారు ఉలికిపడకుండ పైన విమానము పోగలిగిన నాడు, ఎవ్వరికిని అభ్యంతరము లేదు. దానిని నేటి పిల్లలే నిర్మింపవచ్చును. అనకాపల్లి నుండి పోయినవారు అందుండుటకు అడ్డేమున్నది? ఐనను అది క్రొత్త విమానము. క్రొత్త లెక్కలతో, క్రొత్త పూచీతో, పని నేర్చిన క్రొత్త చేతులతో ఎగురవలెను. పాత కాంకార్డు రెక్కలకు రంగు వేసి దాని స్థానమున నిలుపుట ఆ పనికి సాయపడదు. అందులకు పోయు ధనములో పదియవ వంతుతో, బ్రతికియున్న ఆనాటి ఇంజనీర్ల నోట వారి నేర్పునంతయు వ్రాయించి భద్రపరచిన అంతకంటె మేలు.

ప్రదర్శనశాలలో నిలిచిన విమానము వ్యర్థమని తలచువారు కూడ కలరు. వారు ఒక్కమారు లోపలికి ఎక్కి చూడవలెను. ఎగురుచున్న కాంకార్డు లోపలికి పోవుటకు సామాన్యునికి వీలుండెడిది కాదు. ఇప్పుడు కొద్దిపాటి రుసుముతో పాఠశాల పిల్లలు దాని చిన్న కిటికీలలోనుండి తొంగిచూచుచున్నారు. టి.యు. 142 సముద్రముపై తిరుగునప్పుడు దాని లోపల ఏమి యున్నదో విశాఖవాసులకే తెలియదు. ఇప్పుడు చోడవరము పిల్లవాడును దాని లోపల నడువవచ్చును.

కాంకార్డులలో ఇరువదింట ఒకటి కూలినది, ఒకటి విడిభాగములకై విప్పబడినది. పదునెనిమిది ఇప్పటికిని అక్కడక్కడ నిలిచియున్నవి. పారిస్ నగరమునకు దగ్గరనున్న లె బూర్జే ప్రదర్శనశాలలోని దానిని కొందరు స్వచ్ఛంద సేవకులు, తమ తీరిక వేళలలో వచ్చి, సంవత్సరముల తరబడి సాకిరి. గొట్టములు శుభ్రపరచి, ద్రవమును మరల నింపి, విద్యుత్తు కలిపి, ఒక మీట నొక్కగా, ఆ విమానపు పొడుగాటి ముక్కు దిగుటకు సిద్ధపడుచున్నట్లు మెల్లగ క్రిందికి వంగి, మరల పైకి లేచినది.